ట్రైలర్ గోడ మీద లెక్క

నలభై ఒకటో నంబరు డాకు తలుపు ఎత్తగానే
మెంఫిస్ ఉక్క మొహాన కొట్టింది.
యాభై అయిదో రహదారి మీద ఐదువందల మైళ్ళు
తాళం వెనక మగ్గి వచ్చిన వేడి
జోలియట్ తెల్లవారుజాములోకి ఒక్కసారి ఆవులించింది.

కుక్కల తిండి, బాత్రూం టైల్సు,
ఎవరి పెళ్ళికో పోతున్న పింగాణీ పళ్ళేలు.
చివరి వరుస దించేసరికి
లోపలి గోడ బయటపడింది.
ఎక్కించేవాళ్ళు మొదట చూసే గోడ,
దించేవాళ్ళకి ఆఖరున కనిపించే గోడ.
దాని మీద నల్ల మార్కరుతో,
కుడివైపుకి ఒరిగిపోయిన అక్షరాలు:
"ఇక్కడ గంటకి పదహారున్నర. అక్కడెంత?"
కింద సంతకం, ఒకే ఒక్క టి.

"ఎఫ్రాయిన్, లోపల పడుకున్నావా?"
ద్రాగిత్సా ఫోర్క్‌లిఫ్ట్ హారను కొట్టింది.
జీతాల మాట ఒకరితో ఒకరు అనుకోవద్దని
చేరినరోజే నవ్వుతూ చెప్పారు మాకు.
గోడతో అనుకోవద్దని మాత్రం అనలేదు.

"పంతొమ్మిది డెబ్బై అయిదు" అని రాశాను.
రాశాక కాస్త ఛాతీ పొంగింది.
పొంగినందుకు సిగ్గేసి
కింద చేర్చాను: "అద్దె పన్నెండొందలు."

పందొమ్మిది రోజులకి అదే ట్రైలరు.
వెనక తలుపు మీద అదే సొట్ట.
ఆ రోజు నేను పెట్టెలు దించిన వేగానికి
సూపర్‌వైజరు నా భుజం తట్టాడు, పాపం.
"మాది ఎనిమిదొందల యాభై. రెండు గదులు.
వాన పడితే ఒకటిన్నర.
రానా మరి?"

మధ్యాహ్నం అన్నం మానేసి
అట్టముక్క మీద లెక్క వేశాను.
గంటకి మూడుంపావు తేడా.
వారానికి నూటముప్పై, నెలకి అయిదొందల ఇరవై.
అద్దెలో తేడా మూడొందల యాభై తీసెయ్.
మిగిలింది నూటడెబ్బై.
జనవరిలో గది వెచ్చబెట్టుకోడానికి నూట ఎనభై.
మళ్ళీ కూడాను, మళ్ళీ తీశాను.
ఎటునుంచి కొలిచినా గొర్రెతోక బెత్తెడే,
పైగా పది డాలర్లు మనమే బాకీ.

అట్టముక్కని బేలరు నమిలేసింది.
గోడ మీద అంత లెక్క పట్టదనుకున్నాను.
నిజానికి పడుతుంది, బోలెడంత గోడ.
ఇంతదూరం అడిగిన మనిషికి
వద్దని చెప్పడానికి చెయ్యి రాలేదు.
"మంచి కోటు కొనుక్కో" అని రాశాను.

తర్వాత ఆ ట్రైలరు ఎక్కడెక్కడ తిరిగిందో,
ఒకసారి వచ్చినప్పుడు మా రాతల కింద
ఇంకెవరిదో నీలి ఇంకు: "లారెడోలో పద్నాలుగు. మీరంతా దొరలు."
టి రాత మాత్రం లేదు.

జనవరి రెండోవారం.
ఏజెన్సీ వ్యాను నుంచి ఆరుగురు దిగారు.
అందరికన్నా పొడవాటామె, ఆవపువ్వు రంగు కోటు,
చంకలో ఇంకా వేలాడుతున్న ధర చీటీ.
నచ్చకపోతే తిరిగి ఇచ్చేద్దామనేమో.
హాజరు కాగితం మీద పేరు రాసింది: టవానా.
అక్షరాలన్నీ గాలికి వాలినట్టు కుడివైపుకి.

నా చేతిలో పెట్టె అక్కడే ఆగిపోయింది.
యాభై పౌన్ల పెట్టె.
మెంఫిస్‌లోనూ అది యాభై పౌన్లే.

విరామంలో హీటరు పక్కన, తనంతట తనే
ద్రాగిత్సాతో చెబుతోంది:
"పదిహేడుంపావు. ఏజెన్సీ వాటా పోగా.
పంతొమ్మిది డెబ్బై అయిదన్నారు ఎవరో."
కోపంగా కాదు.
బస్సు వేళ తప్పు చెప్పినవాళ్ళ గురించి చెప్పినట్టు.

నేను గోడ మీద రాయని అంకె ఒకటుంది.
ఆరు.
ఆ పంతొమ్మిది డెబ్బై అయిదుకి చేరడానికి నాకు పట్టిన ఏళ్ళు,
అందులో ఒక మోకాలు, ఒక వేలిగోరు.
మార్కరులో ఇంకు అయిపోయిందని కాదు,
అడగలేదు కదా అని.

ఆమె నావైపు తిరిగింది.
"నీకెంత?"

సూపర్‌వైజరు కాఫీ మిషను దగ్గరే ఉన్నాడు.
నేను గొంతు తగ్గించలేదు.
"ఆరేళ్ళకి," అన్నాను ముందు.
తర్వాత అంకె చెప్పాను.